పెయింటు డబ్బాల బార్‌బెల్

పోయిన నెల పాత చీరలతో బొంత కుట్టే సంగతి రాసినాను. ఆడవాళ్ళు చాలామంది బాగుందన్నారు, మగవాళ్ళు ఒక్కరూ చదివినట్టు లేరు. అందుకని ఈసారి మగపిల్లలకు పనికొచ్చేది రాద్దామని కూర్చున్నాను. కడకు అది కూడా మగపిల్లల సంగతి కాకుండా పోయింది. ఎట్లా పోయిందో వరసగా చెప్తాను.

మా మనవడు ప్లస్ వన్ చదువుతాడు. మనిషి పొడుగే గానీ ఒంట్లో కండ లేదు. ఇస్కూల్లో వాణ్ణి ఊదుబత్తి అని పిలుస్తారంట. ఆ మాట వాడు నాకు చెప్పలేదు, వాళ్ళ చెల్లెలు చెప్పింది. ఒకరోజు సాయంత్రం వచ్చి "తాతా, జిమ్ములో చేరతాను, డబ్బులిస్తావా?" అన్నాడు. వాళ్ళ నాయన తిరుప్పూరులో బనియన్ కంపెనీలో ఉన్నాడు, పదిహేను రోజులకొకసారి ఇంటికొస్తాడు. మా కోడలు మిల్లులో కోన్ వైండింగు. వాళ్ళనడిగితే ఏమంటారో వాడికి తెలుసు, అందుకే నా దగ్గరికొచ్చినాడు. నేను వాడితో పోయి జిమ్ము చూసినాను. నెల ఫీజు చెప్పినారు. దాని మీద ఒక పొడి డబ్బా కూడా కొనాలన్నారు. ఆ డబ్బా ధర విని నేను ఏమీ మాట్లాడకుండా మెట్లు దిగినాను.

దారిలో వాడి మొహం చూడలేకపోయినాను. నాలుగు రోడ్ల దగ్గర టీ తాగుతా అన్నాను, "ఒరే, అక్కడ ఆ కడ్డీకి రెండు పక్కలా బరువు తగిలించి ఎత్తుతా ఉన్నారే, అది నేను పదేళ్ళు ఎత్తినాను, జీతమిచ్చి ఎత్తించినారు." వాడు నమ్మలేదు.

బ్లో రూమ్‌లో పని చేసినోళ్ళకు నేను చెప్పేది తెలుసు. ఇప్పుడు దూదిని గాలి గొట్టాల్లోనే కార్డింగుకు పంపుతారు. మా కాలంలో స్కచర్ మిషన్ దూదిని చాపలాగా చేసి, ఒక ఇనుప కడ్డీ మీద చుట్టేది. అదే ల్యాప్. మీటరు వెడల్పు, ఇరవై కిలోల దగ్గర బరువు. దాన్ని ఎత్తి భుజాన వేసుకొని కార్డింగు దాకా మోయాల. ఒక షిఫ్టులో ఎన్ని మోసినామో లెక్క పెట్టినోడు లేడు. మోసే ముందు ప్రతి ల్యాప్‌నూ తక్కెడ మీద పెట్టి తూచేవాళ్ళు. తూకం కొంచెం ఎక్కువైనా, తక్కువైనా తీసి పక్కన పెట్టి, మళ్ళీ విప్పి మిషన్లో వేయాల్సిందే. ల్యాప్ బరువు తప్పితే కడకు నూలు నంబరు తప్పుతుంది. ఈ తూకం పిచ్చి నాకు ఇంకా పోలేదు, మా ఇంటామె బియ్యం తెచ్చినా తూచి చూస్తానని తిడుతుంది.

జిమ్ముల్లో రెండు రకాల కడ్డీలు ఉంటాయి. ఒకదానికి బిళ్ళలు ఎక్కిస్తారు, తీస్తారు. ఇంకొకదానికి బరువు శాశ్వతంగా అతికించి ఉంటుంది, పది కిలోలంటే ఎప్పటికీ పది కిలోలే. బిళ్ళల కడ్డీ ఒకటే ఉంటే చాలు, నిజమే. కానీ బిళ్ళలు, వాటిని పట్టే బిగింపులు కొనాల. బిగింపు వదులైతే బిళ్ళ కాలి మీద పడుతుంది. శాశ్వత బరువు కడ్డీని ఇంట్లోనే చేసుకోవచ్చు. మన ఊళ్ళలో సిమెంటు పోసి చేసుకున్న పిల్లోళ్ళు నా చిన్నప్పుడు కూడా ఉన్నారు. అంతకు ముందు రాళ్ళే. ఈ తమిళ పల్లెల్లో ఇళవట్టక్కల్ అని గుండ్రని రాయి ఉండేది, దాన్ని భుజం మీదికి ఎత్తి వెనక్కు వేసినోడికే పిల్లనిచ్చేవాళ్ళు. ఆంధ్రా వైపు సంగిడి రాళ్ళు అంటారు. తాలింఖానాల్లో దండీలు, బస్కీలు, కర్రసాము, ఈ సంగిడీలు అన్నీ ఉండేవి.

కోడి రామ్మూర్తి నాయుడు పేరు మీలో పెద్దవాళ్ళు విని ఉంటారు. 1882లో శ్రీకాకుళం వైపు వీరఘట్టంలో పుట్టినాడు. మన మదరాసు సైదాపేటకు వచ్చి ఒక ఏడాది వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరం పోయి డ్రిల్లు మాస్టరుగా చేరినాడు. తర్వాత సర్కసు పెట్టినాడు. ఛాతీకి కట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంచేవాడు, కదిలే కారును పట్టి ఆపేవాడు. కలియుగ భీముడు అన్నారు ఆయన్ని. 1942లో పోయినాడు.

ఇంకొక మాట. మన తిరుప్పూరులో కుట్టే చేతుల్లేని బనియన్‌కు శాండో బనియన్ అని పేరు కదా. శాండో అనేది ఒక మనిషి పేరు. యూజెన్ శాండో, 1867లో జర్మనీ దేశం వైపు పుట్టిన వస్తాదు. 1904, 1905లో మన దేశమంతా తిరిగి కండలు చూపించినాడు. ఆయన పేరే ఆ బనియన్‌కు నిలిచిందంటారు. మా కొడుకు రోజూ ఆ బనియన్ల మధ్యే ఉంటాడు గానీ ఆ పేరు ఎవరిదో వాడికి తెలియదు. ఇది మనవడికి చెప్తే మొదటిసారి నవ్వినాడు. "సరే తాతా, మనమే చేద్దాం" అన్నాడు.

మొదట చేసింది చెడిపోయింది. ఎట్లా చెడిందో ముందు చెప్పాల, ఎందుకంటే మీరు కూడా మొదట అట్లనే చేస్తారు.

ఎదురింటికి సున్నం కొట్టినప్పుడు మిగిలిన నాలుగు లీటర్ల పెయింటు డబ్బాలు రెండు తెచ్చినాము. ముక్కాలు ఇంచు జీఐ పైపు అయిదడుగులు కోయించినాము. ఒక ఇంచు పైపు వద్దు, దాని బయటి మందం దగ్గర దగ్గర 34 మిల్లీమీటర్లు, పిల్లోళ్ళ చేతికి లావు. ముక్కాలు ఇంచుది బయట 27 మిల్లీమీటర్లు ఉంటుంది. పోటీల్లో వాడే మగవాళ్ళ కడ్డీ పట్టుకునే చోట 28, ఆడవాళ్ళది 25. అంటే మన పైపు సరిగ్గా నడుమ పడింది. సిమెంటు, ఇసుక, నీళ్ళు కలిపి డబ్బాలో పోసి, పైపు గుచ్చి, గోడకు ఆనించి పెట్టినాము. మరుసటి రోజు రెండో పక్క. మూడో రోజు వాడు ఆగలేకపోయినాడు. నేను మార్కెట్టుకు పోయి వచ్చేసరికి వాకిట్లో ఎత్తుతా ఉన్నాడు. భుజాల దాకా ఎత్తి దించేటప్పుడు కడ్డీ ఒక పక్కకు వాలింది. వాలిన పక్క డబ్బా పైపును వదిలేసి జారి, మెట్టు మీద పడి రెండు ముక్కలైంది. వాడి కుడికాలికి జానెడు దూరం. అంతే బరువు రెండో పక్క ఉంది కదా, అది వాడి చేతుల్ని మెలిపెట్టి కిందికి లాగింది. మణికట్టు వాచింది. దేవుడి దయ, అంతటితో పోయింది.

మా కోడలు షిఫ్టు ముగించి వచ్చి చూసింది. ఏమీ అనలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పెడతా అనింది, "మామా, మీ నడుము సంగతి నాకు తెలుసు. వాడికి కూడా అది కావాల్నా?"

నా నడుము సంగతి ఈ పత్రికలో ఎప్పుడూ రాయలేదు. రాత్రి షిఫ్టులో ఒకసారి, నిద్రమత్తులో, మోకాలు వంచకుండా నడుము వంచి ల్యాప్ లాగినాను. టక్కుమనింది. ఇరవై రోజులు చాప మీదే. తర్వాత మళ్ళీ పనికి పోయినాను, రిటైరయ్యేదాకా పోయినాను. కానీ ఈరోజుకీ మార్గళి చలి వస్తే మంచం మీద నుంచి ఒకేసారి లేవలేను, పక్కకు దొర్లి చేయి ఊని లేవాల. పెళ్ళై వచ్చిన కొత్తల్లో మా కోడలే వేడినీళ్ళ గుడ్డ పెట్టేది. కాబట్టి ఆమెకు నేను బదులు చెప్పలేకపోయినాను.

వారం తర్వాత ఒక మాట మాత్రం అడిగినాను. "అమ్మా, నేను బరువు ఎత్తినందుకు కాదు, తప్పుగా ఎత్తినందుకు పోయింది నడుము. వాడు మనం వద్దన్నా ఎక్కడో ఒకచోట ఎత్తుతాడు. నా కళ్ళ ముందు ఎత్తనీ." ఆమె ఒప్పుకుందని చెప్పను. వద్దనలేదు.

రెండోసారి మా వీధిలో ఉండే కట్టడం మేస్త్రిని కూర్చోబెట్టుకొని చేసినాము. ఆయన మొదటి దాని ముక్కలు చూసి నాలుగు తప్పులు చెప్పినాడు. పైపు నున్నగా ఉంది, సిమెంటు పట్టుకోవడానికి ఏమీ లేదు. కంకర వేయలేదు. నీళ్ళు పాయసంలాగా పోసినారు. తడపలేదు.

పైపుకు రెండు కొనల దగ్గరా, కొన నుంచి రెండు ఇంచులకొకటి, నాలుగు ఇంచులకొకటి బెజ్జాలు వేయించినాము, ఒకటి నిలువుకు ఒకటి అడ్డానికి వచ్చేటట్టు. వెల్డింగ్ అంగట్లో అయిదు నిమిషాల పని. ఆ బెజ్జాల్లో 8 మిల్లీమీటర్ల కమ్మి ముక్కలు దూర్చినాము, డబ్బా లోపల నాలుగు పక్కలకూ చేతులు చాచినట్టు. ఇంక పైపు జారదు, తిరగదు. ఈ పని చేయకుండా ఎవరూ సిమెంటు కలపొద్దు, దీని తర్వాత రాసింది ఏది మరచినా పరవాలేదు. పైపు నోట్లో కాటన్ వేస్ట్ కుక్కినాను, సిమెంటు లోపలికి పోతే తూకం తప్పుతుందని.

ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళు ఇసుక, మూడు పాళ్ళు సన్న కంకర, ఇక్కడ మనం జల్లి అంటామే అది, వేలిగోరంత సైజుది. నీళ్ళు సిమెంటు బరువులో సగం. పిడికిట్లో పట్టుకుంటే ముద్ద నిలవాల. పోసేటప్పుడు కమ్మితో పొడుస్తా ఉండాల, గాలి బుడగలు పోవడానికి.

పైపు నిట్టనిలువుగా నిలవకపోతే కడ్డీ వంకరే. గోడకు ఆనిస్తే నిలవదు. పెరట్లో వేపచెట్టు కొమ్మకు తాడు కట్టి, పైన ఉన్న కొన కమ్మికి తగిలించి వేలాడదీసినాము. వేలాడే వస్తువు తనంతట తానే నిలువుగా ఉంటుంది కదా, మేస్త్రి తూకం గుండు లాగా. కింది కొనను డబ్బా నడుమ దించి, కదలకుండా మూడు పక్కలా పురికొస లాగి కట్టి, పోసినాము. మూడు రోజుల తర్వాత తలకిందులు చేసి, గట్టిపడిన డబ్బాకు రెండు పక్కలా సమంగా తాడు కట్టి, అదే కొమ్మకు వేలాడదీసి రెండో డబ్బా పోసినాము. ఈ వేలాడదీసే ఉపాయం మేస్త్రిది కాదు, మా మనవరాలిది. ఎనిమిదో తరగతి. అప్పటిదాకా గట్టు మీద కూర్చొని చూస్తా ఉండింది.

బరువు లెక్క ముందే వేసుకోవచ్చు. కంకర కలిపిన సిమెంటు ఒక లీటరు దగ్గర దగ్గర 2.4 కిలోలు తూగుతుంది. ఒక లీటరు డబ్బాలు రెండు, నాలుగు అడుగుల పైపు అయితే ఏడు కిలోలకు కొంచెం తక్కువ. నాలుగు లీటర్ల డబ్బాలు రెండు, అయిదడుగుల పైపు అయితే 21 కిలోల పైమాట. అదే డబ్బాలో సగమే పోస్తే పన్నెండు కిలోలు. పది లీటర్ల డబ్బాలతో యాభై కిలోలు దాటుతుంది, అది ఈ పైపు తట్టుకోదు, గట్టి కడ్డీ కావాల. గట్టి కడ్డీ బరువుకు మేస్త్రీలకు ఒక లెక్క ఉంది. మందం మిల్లీమీటర్లలో ఎంతో దాన్ని దానితోనే పెంచి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 25 మిల్లీమీటర్ల కడ్డీ మీటరుకు 3.86 కిలోలు. పైపు లోపల డొల్ల కాబట్టి దానికి ఈ లెక్క పనికిరాదు. అయినా ఇంట్లో యాభై కిలోలది చేయొద్దు. చేస్తే ఎవరు ఎత్తుతారు, ఎక్కడ పెడతారు?

తర్వాత తడి గోనెసంచి చుట్టి వారం రోజులు, పొద్దున సాయంత్రం నీళ్ళు. వారం తర్వాత ఎత్తవచ్చు, కింద ఎత్తెయ్యకూడదు. సిమెంటుకు పూర్తి బలం రావడానికి 28 రోజులు. మనవడికి మొదటి వారం ఆ గోనెసంచి చుట్టూ తిరగడమే వ్యాయామం.

ఆరినాక పాత ఇనుము అంగడికి తీసుకుపోయి తూయించినాను. 21 కిలోల 400 గ్రాములు. అది చాలదు నాకు. నడుమ గుర్తు పెట్టి తాడు కట్టి వేలాడదీస్తే ఒక పక్కకు వాలింది. రెండో పక్కకు ఇసుక మూట కట్టి సరి చూస్తే తేడా 600 గ్రాములు. మనవడు "పరవాలేదులే తాతా" అన్నాడు. ల్యాప్ అయితే వాపసు పంపుదురు. రోజూ ఎత్తేవాడికి ఆ అరకిలో ఒకే భుజం మీద పడుతుంది. తేలిక పక్కన డబ్బా మూతి మీద గీతలు గీసి, తడిపి, సరిపడా సిమెంటు మెత్తినాను. మూతలు బిగించి, వాటి మీద సైకిల్ ట్యూబు ముక్కలు అతికించినాము. దించేచోట కాటన్ వేస్ట్ కూరిన గోనెసంచులు రెండు.

ఎత్తే పద్ధతి ల్యాప్ ఎత్తే పద్ధతే. కాళ్ళు భుజాలంత వెడల్పు, మోకాళ్ళు వంచాల, వీపు నిటారు, కడ్డీ ఒంటికి ఆనుకొని పైకి రావాల. ఒళ్ళు తిప్పాలంటే పాదాలతో తిరగాల, నడుముతో కాదు. ఈ కడ్డీని పడుకొని ఛాతీ మీద ఎత్తేది ఒంటరిగా వద్దే వద్దు. ఎత్తలేకపోతే బిళ్ళలు జార్చే వీలు దీనికి లేదు, అట్లనే మీద ఉండిపోతుంది.

ఇరవై ఒక్క కిలోలు మొదటనే ఎక్కువని, ఒక లీటరు డబ్బాలతో చిన్నది కూడా చేసినాము. పిల్లోడు రెండు నెలలు బాగా చేసినాడు. పొద్దున రాగి సంగటి, గుడ్డు, సాయంత్రం ఉడకబెట్టిన సెనగలు, పొడి డబ్బా లేదు. భుజాలు కొంచెం తిరిగినాయి. తర్వాత పరీక్షలు వచ్చినాయి, తర్వాత క్రికెట్ వచ్చింది. పెద్ద కడ్డీ మీద మా ఇంటామె తుండుగుడ్డ ఆరేసింది.

కానీ చిన్న కడ్డీ మీద దుమ్ము లేదు. నాకు అనుమానం వచ్చింది. ఒకరోజు రేషన్ అంగడికని బయలుదేరి సంచి మరచి వెనక్కు వచ్చినాను. పెరట్లో మనవరాలు. పావడా దోపుకొని, మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా, కడ్డీ ఒంటికి ఆనించి. నేను అన్నకు చెప్పిందంతా గట్టు మీద కూర్చొని విన్నది కదా. వాడు ఎప్పుడూ అంత సరిగ్గా ఎత్తలేదు.

నిజం చెప్తాను, నా నోట్లో మొదట వచ్చిన మాట "పెట్టు కింద, ఆడపిల్లకు ఎందుకిది" అని. మా ఇంటామె వంటింట్లో నుంచే అనింది, "దినమూ పదిహేను లీటర్ల బిందె చంకన పెట్టుకొని వస్తుంది, అప్పుడు ఆడపిల్ల కాదా?" బిందెలో నీళ్ళే పదిహేను కిలోలు. ఆ చిన్న కడ్డీ ఏడు. తూకం మనిషిని, నేనే ఆ లెక్క వేయలేదు.

కరణం మల్లేశ్వరి కూడా శ్రీకాకుళం పిల్లే, వూసవానిపేట. వాళ్ళ అక్కచెల్లెళ్ళు కూడా బరువులెత్తినోళ్ళే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో, ఒక ఎత్తులో 110, ఇంకొక ఎత్తులో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. మన దేశంలో ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి ఆడమనిషి. ఆ రోజుల్లో మిల్లు క్యాంటీన్‌లో అందరమూ పేపరు చుట్టూ మూగి చదివినాము, నేనే గట్టిగా చదివి వినిపించినాను. చప్పట్లు కూడా కొట్టినాను. మన పక్క వేలూరు సతీశ్ శివలింగం 2014లోనూ 2018లోనూ కామన్‌వెల్త్ పోటీల్లో బంగారం తెచ్చినప్పుడు కూడా సంతోషపడినాను. ఊరివాళ్ళ పిల్లలు ఎత్తితే చప్పట్లు, మన పెరట్లో ఎత్తితే కింద పెట్టమనడం.

కోడలికి నేనే చెప్పినాను, దాచలేదు. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత పిల్లను పిలిచి, "ఎత్తి చూపించు" అనింది. పిల్ల ఎత్తింది, దించింది, చప్పుడు లేకుండా. ఆమె చూసింది కడ్డీని కాదు, పిల్ల నడుమును. మళ్ళీ ఎత్తమనింది. మూడుసార్లు. తర్వాత లోపలికి పోయి టిఫిన్ డబ్బాలు కడుక్కుంటా, "ఇస్కూలు పీటీ టీచరమ్మకు చూపించి తప్పులుంటే అడగండి మామా" అనింది. పోయి అడిగినాను. టీచరమ్మ పిల్లను ఖాళీ కర్రతో ఎత్తించి చూసి, మోచేతులు ఇంకొంచెం ముందుకు రావాలనింది. ఈ ఏడాది బరువు పెంచే తొందర వద్దనింది, ఎన్నిసార్లు సరిగ్గా ఎత్తిందో అదే లెక్క పెట్టమనింది. గోడ మీద బొగ్గుతో ఆ లెక్క నడుస్తా ఉంది.

పెద్దదైనాక పనికొస్తుందని పన్నెండు కిలోలది ఇప్పుడే పోసినాము, నాలుగున్నర అడుగుల పైపు, సగం డబ్బాలు. ఈసారి కమ్మి ముక్కలు దూర్చింది మనవడు, క్రికెట్ మధ్యలో వచ్చి. వేపకొమ్మ నుంచి దించి మూడు రోజులైంది, గోనెసంచి చుట్టి ఉంది. ఇంకా నాలుగు రోజులు తడపాల. ఇది రాస్తా ఉంటే పొద్దు వాలింది, నీళ్ళు పోయడానికి పిలుస్తా ఉంది.